చివరి మనిషి దాటేదాకా నీళ్ల టేబుల్ ఎత్తేయకండి

హైదరాబాద్‌లో రన్‌లు, హాఫ్ మారథాన్‌లు, మారథాన్‌లు జరిపే నిర్వాహకులందరికీ నమస్కారం.

నాకు 52 ఏళ్లు. విద్యానగర్‌లో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది భోజనానికే. ఆరేళ్ల కిందట షుగర్ బోర్డర్‌లో ఉందని తేలింది. మందులు అప్పుడే వద్దు, ముందు నడవండి అన్నారు డాక్టరమ్మ. నడక అలా మొదలైంది. ఎన్‌సీసీ గేటు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వెనక్కి రావడం. తొలి నెల్లాళ్లూ నడకే. తర్వాత ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, ఆ తర్వాత రెండు స్తంభాలు నడక. ఏడాది తిరిగేసరికి ఆగకుండా 5 కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ రోజు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని మా ఆయనకి ఫోన్ చేస్తే నా గొంతు విని ఏమైందోనని కంగారుపడ్డారు. నేను ఏడుస్తున్నది సంతోషంతో అని చెప్పడానికి కాస్త టైమ్ పట్టింది.

ఇప్పుడు మేం ఆరుగురం ఉన్నాం. అందరం 45 దాటినవాళ్లమే. ఒకరు టీచర్, ఒకరు టైలరింగ్ చేస్తారు, ఇద్దరు ఇంటి పని చూసుకునేవాళ్లు, ఒక అక్క రిటైరయ్యారు. మా వేగం కిలోమీటరుకి తొమ్మిది, తొమ్మిదిన్నర నిమిషాలు. అంతకంటే వేగంగా వెళ్లాలని మాకు లేదు. వారంలో నాలుగు రోజులు బయటికి రావాలి, రెండు రోజులు కాళ్లకి, నడుముకి బలమిచ్చే వ్యాయామం చేయాలి, మోకాళ్లు కాపాడుకోవాలి. మా లెక్క అంతే.

ఈ లేఖ మా వేగం గురించి కాదు. మాలాంటివాళ్లు వచ్చే వేళకి మీ ఈవెంట్లలో ఏం మిగులుతోందో చెప్పడానికి.

రెండేళ్ల కిందట, దసరా దాటాక ఒక ఆదివారం. ఏ ఈవెంటో పేరు చెప్పను. ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, ఇలాంటివి ఒక్కచోటే జరగలేదు కూడా. నేనూ, అప్పట్లో మా గుంపులో ఉన్న 58 ఏళ్ల అక్కా హాఫ్ మారథాన్‌కి పేర్లిచ్చాం. ఇద్దరికీ అదే మొదటి 21 కిలోమీటర్లు. ఐదు నెలలు తయారయ్యాం. ఐదూ ముప్పావుకి స్టార్ట్. కటాఫ్, అంటే పరుగు ముగించాల్సిన గడువు, మూడున్నర గంటలని బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు) కవర్లో పెట్టిన కాగితంలో రాసి ఉంది, అంటే తొమ్మిదింబావు దాకా. మా ఆదివారం పరుగుల లెక్క చూసుకుంటే మూడుగంటల ఇరవై నిమిషాలకి వచ్చేస్తాం. అందుకే ధైర్యంగా డబ్బు కట్టాం.

పది కిలోమీటర్ల దాకా పండగలాగే ఉంది. డప్పులు కొట్టారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. 14 దగ్గర నీళ్ల క్యాను అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లున్నాయి, కప్పుల్లేవు. 17 దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై అయింది. టేబుల్ మడిచేశారు. ఖాళీ క్యాన్లు టెంపోలోకి ఎక్కిస్తున్నారు. రోడ్డంతా తొక్కిన పేపర్ కప్పులు, అరటి తొక్కలు. అంటే ముందు వెళ్లినవాళ్లకి అరటిపళ్లు కూడా ఇచ్చారన్నమాట. ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతుంటాడేమో, వాలంటీర్ టీషర్ట్ వేసుకుని ఉన్నాడు. "ఆంటీ, క్లోజ్ చేసేయమన్నారు. ముందు ఇంకోటి ఉంటది" అన్నాడు. చెప్తూనే తన బ్యాగులోంచి సగం తాగిన బాటిల్ తీసి నాకిచ్చాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. పైనుంచి ఫోన్ వచ్చింది, ఎత్తేశాడు. నేను రెండు గుక్కలు తాగి మిగిలింది అక్కకిచ్చాను.

ముందు ఇంకోటి లేదు.

18 దాటాక రోడ్డు తెరిచేశారు. బస్సులు, ఆటోలు, పాల వ్యాన్లు. మేం రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరం నడుస్తున్నాం. అక్క షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు. ఉన్నట్టుండి మాట తడబడింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకుతోంది, అంత ఎండలో చల్లటి చెమట. షుగర్ పడిపోతోందని నాకు అర్థమైంది, మా అమ్మ దగ్గర చూశాను కాబట్టి. చుట్టూ మీ మనిషి ఒక్కరూ లేరు. అంబులెన్స్ ఎక్కడుందో తెలియదు. రోడ్డు పక్కన ఒక టీ బండి కనబడింది. "అన్నా, డబ్బుల్లేవు" అన్నాను. ఆయన నా మాట పూర్తికాకముందే స్టూలు లాగి అక్కని కూర్చోబెట్టాడు. గ్లాసు నీళ్లల్లో రెండు చెంచాల పంచదార కలిపి తాగించాడు, తర్వాత రెండు ఉస్మానియా బిస్కెట్లు చేతిలో పెట్టాడు. ఐదారు నిమిషాల్లో అక్క మొహంలోకి రంగు వచ్చింది. ఇక ఆటో ఎక్కుదాం అన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చి ఆటోలో పోతానా" అన్నారు. చివరి రెండు కిలోమీటర్లు చెయ్యి పట్టుకుని నడిచాం. నడిపించడం నేను చేసిన పొరపాటేనని తర్వాత డాక్టరమ్మ చీవాట్లు పెట్టారు. నిజమే, అప్పుడు మమ్మల్ని ఆపి కూర్చోబెట్టే మనిషి ఒకరు ఉండుంటే బాగుండేది.

ఫినిష్ దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఆరు. గడువుకి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ఆర్చ్‌లో గాలి తీసేశారు, నేల మీద పడుంది. మేం చేరిన సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్ చుట్టి పక్కన పెట్టారు. మెడల్స్ అయిపోయాయి, కొరియర్‌లో పంపిస్తాం అన్నారు. రాలేదు. సాయంత్రం రిజల్ట్స్‌లో మా ఇద్దరి పేర్ల పక్కన డీఎన్ఎఫ్ అని ఉంది, పరుగు పూర్తి చేయలేదని. మెయిల్ పెట్టాను, జవాబు లేదు.

అక్క ఆ తర్వాత ఏ ఈవెంట్‌కీ రాలేదు. బూట్లు కూతురికి ఇచ్చేశారు. ఇప్పుడు వాళ్ల మేడ మీద నడుస్తున్నారు. "మనం అక్కడ అక్కర్లేనివాళ్లం అనిపించిందే" అన్నారు ఒకసారి. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ లేఖ రాయడానికి ఆ ఒక్క మాటే కారణం.

మీలో చాలామంది పరిగెత్తేవాళ్లే. ఈ విషయాలు మీకు నాకంటే బాగా తెలుసు. అయినా వెనక వచ్చేవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడమని అడుగుతున్నాను.

ఒక కిలోమీటరు పరిగెత్తడానికి అయ్యే శక్తి వేగం మీద పెద్దగా ఆధారపడదు. ఒంటి బరువు కిలోకి ఇంచుమించు ఒక క్యాలరీ. 70 కిలోల మనిషి 21 కిలోమీటర్లు గంటన్నరలో వెళ్లినా, మూడుంబావు గంటల్లో వెళ్లినా ఖర్చయ్యేది దాదాపు 1,470 క్యాలరీలే. తేడా ఎక్కడంటే, గెలిచినవాళ్లు ఎండ ఎక్కకముందే నీడకి చేరతారు. మేం ఇంకో రెండు గంటలు రోడ్డు మీద ఉంటాం. హైదరాబాద్‌లో ఆరింటి ఎండ వేరు, ఎనిమిదిన్నర ఎండ వేరు. వానాకాలంలో అయితే గాలిలో తేమకి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ రెండు గంటల్లోనే నీళ్లు ఎక్కువ కావాలి. మీ టేబుళ్లు ఎత్తేసేది కూడా సరిగ్గా ఆ రెండు గంటల్లోనే.

నీళ్లు ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షించారు. 13 శాతం మందిలో సోడియం, అంటే రక్తంలో ఉండే ఉప్పు, ఉండాల్సినదానికంటే తగ్గిపోయింది. పరుగులో నీళ్లు, డ్రింకులు ఎక్కువగా తాగి బరువు పెరిగినవాళ్లు, నాలుగు గంటలు దాటి రోడ్డు మీద ఉన్నవాళ్లు ఎక్కువగా దాని బారిన పడ్డారు. అంటే తక్కువ తాగినా ప్రమాదమే, భయపడి కడుపు పట్టేంత తాగినా ప్రమాదమే. తర్వాతి టేబుల్ ఉంటుందో ఉండదో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? దొరికిన చోట నాలుగు కప్పులు ఒకేసారి ఎత్తి తాగేస్తాడు. 14 దగ్గర క్యానులో సరిపడా ఉండి ఉంటే నేనూ అదే చేసేదాన్ని. ప్రతి రెండు, రెండున్నర కిలోమీటర్లకి తప్పకుండా ఉంటుందన్న నమ్మకం ఉంటే దాహానికి తగ్గట్టే తాగుతాం. ఆ నమ్మకం కూడా మీరు ఇవ్వాల్సిన వాటిల్లో ఒకటే.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకి పైనే అని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం చెప్పింది. నలభై దాటి మీ ఈవెంట్‌కి పేరిచ్చినవాళ్లలో షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఉండి తీరతారు. అసలు చాలామంది పరుగు మొదలుపెట్టిందే దానివల్ల. వాళ్లలో ఎక్కువమంది మధ్యలో ఉండరు, వెనకే ఉంటారు. అలాంటప్పుడు అరటిపండు, బెల్లంముక్క, గ్లూకోజు, ఓఆర్ఎస్ అందరికంటే అవసరమయ్యేది ఎవరికి? పాతికేళ్ల కుర్రాడు గంటా నలభై నిమిషాల పరుగులో అరటిపండు తినకపోయినా ఏం కాదు. మా అక్కకి ఆ రోజు టీ బండి కనబడకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ముప్పై దాటాక, వ్యాయామం లేనివాళ్లకి ఒంట్లో ఆక్సిజన్ వాడుకునే శక్తి పదేళ్లకి ఇంచుమించు 10 శాతం చొప్పున తగ్గుతుంది. క్రమం తప్పకుండా పరిగెత్తేవాళ్లకి ఆ తగ్గుదల చాలావరకు నెమ్మదిస్తుంది. ఆడవాళ్లకి నెలసరి ఆగిపోయాక ఎముకలు పలచబడతాయి. కాలు నేలకి తగిలే వ్యాయామం, బరువులెత్తడం దానికి అడ్డుకట్ట. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త శ్రమ కలిగే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇవన్నీ మీ బ్యానర్ల మీద, మైకుల్లో మీరే చెప్తారు. "ఇప్పటికైనా మించిపోలేదు, రండి" అని పిలుస్తారు. మేం వచ్చాం.

పంజాబ్‌లో పుట్టిన మారథాన్ రన్నర్ ఫౌజా సింగ్ గారి కథ మీకు తెలిసే ఉంటుంది. 89 ఏళ్ల వయసులో, 2000 సంవత్సరంలో లండన్‌లో తొలి మారథాన్ పరిగెత్తారు. 2011 అక్టోబరులో టొరంటోలో మళ్లీ మారథాన్ పూర్తి చేశారు, అప్పటికి ఆయన వయసు నూరేళ్లని లెక్క. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని గిన్నిస్ వాళ్లు రికార్డుగా రాసుకోలేదు. ఎనిమిది గంటలు దాటింది. అందరికంటే చివర వచ్చినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన ఆఖరి కొన్ని వందల గజాలు వస్తుండగానే బ్యారికేడ్లు తీసేస్తున్నారని, స్పాన్సర్ల బ్యానర్లు విప్పేస్తున్నారని అప్పటి వార్తల్లో చదివాను. ప్రపంచం మొత్తం మాట్లాడుకున్న పరుగు అది. గెలిచినవాళ్ల పేరు మనలో ఎంతమందికి గుర్తుంది? చివర వచ్చిన ఆ తాతగారి తలపాగా, తెల్లటి గడ్డం మాత్రం అందరికీ గుర్తే. 2025 జులైలో, సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే వాహనం గుద్ది పోయారని విన్నప్పుడు మా ఆరుగురం ఆ రోజు పొద్దున్నే క్యాంపస్‌లో కాసేపు మౌనంగా నడిచాం.

మీ కష్టాలు నాకు తెలియనివి కావు. పోలీసులు రోడ్డు ఇచ్చేది కొన్ని గంటలకే. ఆదివారమైనా జనానికి పనులుంటాయి, హాస్పిటల్‌కి వెళ్లేవాళ్లుంటారు, రోడ్డు తెరవక తప్పదు. వాలంటీర్లు తెల్లవారుజామున మూడింటికి లేచి వస్తారు, వాళ్లకీ ఆకలేస్తుంది. ఈ ఊళ్లో ఇంతమంది పరిగెత్తుతున్నారంటే అది మీ చలవే. 2011లో హైదరాబాద్ మారథాన్ మొదలైన నాటికి, ఇప్పటికి ఎంత తేడా! అప్పట్లో ఆడవాళ్లు ట్రాక్ ప్యాంటు వేసుకుని రోడ్డు మీద పరిగెడితే వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఇప్పుడు ఆగస్టు వచ్చిందంటే నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ వేలమంది. ఆ ఎత్తులు మోకాళ్లకి ఎంత పరీక్షో, పైకి చేరాక అంత ఆనందం. ఇదంతా కట్టింది మీలాంటివాళ్లే. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను.

రోడ్డు ఎక్కువసేపు ఇవ్వలేకపోతే, కటాఫ్ తగ్గించండి. మూడు గంటలే అని నిజం చెప్పేయండి. మేం 10 కిలోమీటర్లకే పేరిస్తాం, బాధపడం. మూడున్నర అని రాసి, డబ్బు తీసుకుని, రెండుగంటల నలభై నిమిషాలకే ఎత్తేయడమే బాధ. లేదా నెమ్మదిగా వెళ్లేవాళ్లని అరగంట ముందు వదలండి. చీకట్లో మొదలుపెట్టడానికి మాకు అభ్యంతరం లేదు, రోజూ అదే వేళకి లేస్తాం. దారిలో ఎక్కడికి ఏ టైముకి చేరకపోతే ఆపేస్తారో ముందే చెప్పండి. ఆపినప్పుడు బస్సులో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఫినిష్ దగ్గర దించండి. ఓడిపోయారని మైకులో చెప్పకండి.

అన్నిటికంటే ముఖ్యం, టేబుల్ ఎప్పుడు ఎత్తాలో గడియారం చూసి చెప్పకండి. చివరి మనిషిని చూసి చెప్పండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పార్క్‌రన్ అని ఒకటుంది. 2004లో లండన్‌లో బుషీ పార్కులో మొదలై చాలా దేశాలకి పాకింది, ప్రతి శనివారం 5 కిలోమీటర్లు. అక్కడ ప్రతిచోటా టెయిల్ వాకర్ అని ఒక వాలంటీర్ అందరికంటే వెనక నడుస్తారు. చివర వచ్చేది ఎప్పుడూ ఆ వాలంటీరే, పాల్గొన్నవాళ్లు కాదు. మన దగ్గరా అలా ఇద్దరిని పెట్టండి. వాళ్ల దగ్గర ఒక ఫోను, ఓఆర్ఎస్, గ్లూకోజు ప్యాకెట్లు ఉంటే చాలు. వెనక ఒక సైకిలో, స్కూటరో. వాళ్లు దాటాకే టేబుల్ మడవాలి, వాళ్లు ఫినిష్ దాటాకే మ్యాట్ చుట్టాలి. ఆ రోజు మా వెనక అలా ఒకరు నడుస్తూ ఉండుంటే 17 దగ్గర ఆ కుర్రాడికి ఫోన్ వచ్చేదే కాదు.

మెడల్స్ ఎంతమంది పేర్లిచ్చారో అన్ని చేయించండి. ముందు వచ్చినవాళ్లు ఇంట్లోవాళ్ల కోసం ఇంకోటి అడిగితే ఇవ్వకండి. 50 దాటిన ఆడమనిషికి తొలి హాఫ్ మారథాన్ మెడల్ దేవుడి గదిలో పెట్టుకునే వస్తువు. మా గుంపులో ఒకావిడ అలాగే పెట్టుకున్నారు, లక్ష్మీదేవి ఫొటో పక్కన.

టాయిలెట్ సంగతి కూడా ఒక్క మాట. దారిలో ఆడవాళ్లకి రెండు చోట్లయినా ఉండాలి, వాటి తాళాలు చివరిదాకా తెరిచే ఉండాలి. ఆ ఏర్పాటు లేదనే మాలో కొంతమంది నీళ్లు తాగకుండా పరిగెడతారు. దానివల్ల ఏమవుతుందో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇవి అడిగి ఊరుకుంటే బాగుండదు కాబట్టి ఇంకో మాట. ఈ సీజన్‌లో హైదరాబాద్‌లో జరిగే ఏదో ఒక హాఫ్ మారథాన్‌కి మేం బిబ్‌లు తీసుకోం. మీలో ఎవరు ఒప్పుకుంటే వాళ్ల దగ్గరికి ఆరుగురం వాలంటీర్లుగా వస్తాం. ముందుండే టేబుళ్లు వద్దు, అక్కడ చేతులు చాలానే ఉంటాయి. 17వ కిలోమీటరు దగ్గర టేబుల్ మాకివ్వండి. నిమ్మకాయలు, ఉప్పు, పంచదార, బెల్లం మేమే తెచ్చుకుంటాం. చివరి మనిషి ఎప్పుడొస్తే అప్పటిదాకా ఉంటాం. అక్కతో మాట్లాడాను. పరిగెత్తడానికి రానన్నారు, టేబుల్ దగ్గర నిలబడటానికి మాత్రం వస్తానన్నారు. ఎన్నింటికి రావాలో చెప్తే చాలన్నారు.

ఇట్లు,
విద్యానగర్ నుంచి, ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున పరిగెత్తే ఆరుగురి తరఫున